సెలవులకు ఊరెళ్తున్నారా.. బుజ్జి కుక్క జాగ్రత్త!

● బళ్లారి ఎండ వేరు.. యానాం ఉక్కపోత వేరు
● ఆగిన కారులో పది నిమిషాలూ ప్రమాదమే
● చప్పిడి ముక్కు జాతులకు ముప్పు ఎక్కువ

వేసవి సెలవులొచ్చాయంటే చాలు.. బెంగళూరు, హోసూరుల్లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు బళ్లారికో, అనంతపురానికో బయల్దేరతాయి. పుణె, ముంబయిల్లో ఉన్నవాళ్లు షోలాపూర్‌లోని తాతల ఇంటికి చేరతారు. ఇంకొందరు యానాం, బరంపురం దారి పడతారు. పిల్లలకు టోపీలు, పెద్దలకు గొడుగులు, దారిలో తాగడానికి మజ్జిగ సీసాలు.. అన్నీ సర్దుకుంటారు. ఈ మధ్య ఆ సామానుతో పాటు ఇంకో ప్రాణి కూడా కారెక్కుతోంది. అదే ఇంట్లో గారాబంగా పెరిగే బుజ్జి కుక్క.

ఒకప్పుడు కుక్క అంటే వాకిట్లో కాపలా ఉండేది. ఇంటివాళ్లు ఊరెళ్తే పక్కింటివాళ్లు ఇంత అన్నం పెట్టేవారు. ఇప్పుడు అపార్టుమెంట్లలో పెరిగే పగ్, షిట్జు, పమేరియన్, డాష్‌హండ్‌ల తీరే వేరు. సోఫా మీద కూర్చుంటాయి. ఏసీ గదిలో నిద్రపోతాయి. వాటిని వదిలి రావడానికి పిల్లలు ససేమిరా అంటారు. ‘అది రాకపోతే నేనూ రాను నాన్నా’ అని మొండికేస్తారు. చివరికి కుక్క కూడా వస్తుంది. చిక్కు అక్కడే మొదలవుతుంది.

బెంగళూరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. బళ్లారి ఎత్తు అందులో దాదాపు సగమే. 2016 ఏప్రిల్ 24న బెంగళూరులో 39.2 డిగ్రీలు నమోదైతే అది పెద్ద వార్త అయింది. బళ్లారిలో ఏప్రిల్ నెలలో 40 డిగ్రీలంటే ఎవరూ తల తిప్పి కూడా చూడరు. మూడు వందల కిలోమీటర్ల ప్రయాణం. పొద్దున చల్లని ఊళ్లో కాఫీ తాగి బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి వడగాలిలో ఉంటాం. మనుషులం చెమట పట్టి, చొక్కా మార్చుకుని, ఫ్యాను కింద కూర్చుని తట్టుకుంటాం. ఐదారు కిలోల కుక్కకు ఆ వీలు లేదు.

కొత్త ఎండకు కుక్క ఒళ్లు కొంతైనా అలవాటు పడాలంటే రెండు వారాల దాకా పడుతుంది. పూర్తిగా కుదురుకోవడానికి రెండు నెలలైనా పట్టొచ్చు. మన సెలవులు పది రోజులే. అంటే అలవాటు పడేలోపే తిరుగు ప్రయాణం! ఊళ్లో ఉన్నన్నాళ్లూ అది ఆ ఎండకు కొత్తదే. ‘రెండ్రోజులు పోతే అదే సర్దుకుంటుందిలే’ అనుకోవడం అందుకే పొరపాటు.

నాలుకే దాని కూలరు

కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. అరికాళ్ల దగ్గర కాస్త పడుతుందంతే. ఒంట్లో వేడిని బయటికి పంపాలంటే నోరు తెరిచి, నాలుక చాపి వగర్చడమే దానికున్న ముఖ్యమైన దారి. నాలుక మీద, నోట్లో, ముక్కు లోపల ఉన్న తడి ఆవిరవుతుంటే ఒళ్లు చల్లబడుతుంది. ఇంట్లో కూలరు పనిచేసే పద్ధతీ ఇదే. తడిసిన గడ్డి తెర మీదుగా గాలి వీస్తే నీరు ఆవిరై గది చల్లబడుతుంది.

ఈ సంగతి అర్థమైతే ఏ ఊళ్లో కుక్కకు ఏం ముప్పో కూడా అర్థమవుతుంది. కూలరు బళ్లారి, షోలాపూర్‌లలో బ్రహ్మాండంగా పనిచేస్తుంది. అక్కడి గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నీరు ఇట్టే ఆవిరవుతుంది. అదే కూలరు యానాంలో పెడితే గదంతా చెమ్మ తప్ప చల్లదనం ఉండదు. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటుంది. కుక్క నాలుక సంగతీ అంతే. పొడి ఊళ్లలో అది వగర్చి వగర్చి ఒంట్లో నీరు పోగొట్టుకుంటుంది. నీళ్లు అందితే చాలావరకు తట్టుకుంటుంది. సముద్రం పక్క ఊళ్లలో నీళ్లు ఎన్ని పెట్టినా, ఎంత వగర్చినా వేడి బయటికి పోదు. అందుకే ‘బళ్లారిలో 41.. ఇక్కడ 36 డిగ్రీలే కదా’ అని కోస్తాలో ధీమాగా ఉండకూడదు.

ఇక చప్పిడి ముక్కు జాతుల కష్టం చెప్పనలవి కాదు. పగ్, షిట్జు, పెకింగీస్, ఫ్రెంచ్ బుల్‌డాగ్ లాంటివాటికి మూతి పొట్టి. ముక్కు రంధ్రాలు ఇరుకు. గొంతులో గాలి పోయే దారీ ఇరుకే. మామూలు రోజుల్లోనే గురక పెడుతుంటాయి. అవి వేగంగా వగర్చే కొద్దీ ఆ ఇరుకు దారి వాచి, ఊపిరి ఇంకా కష్టమవుతుంది. అంటే చల్లబడడానికి చేసే ప్రయత్నమే ఒంట్లో వేడి పెంచుతుంది.

బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్ ట్రెంట్ విశ్వవిద్యాలయం, రాయల్ వెటర్నరీ కాలేజీ పరిశోధకులు తొమ్మిది లక్షలకు పైగా కుక్కల వైద్య రికార్డులు పరిశీలించి 2020లో ఓ అధ్యయనం ప్రచురించారు. వడదెబ్బ తగిలి వైద్యానికి వచ్చిన ప్రతి ఏడు కుక్కల్లో దాదాపు ఒకటి చనిపోయిందని తేలింది. ఎక్కువ ముప్పున్న జాతుల్లో బుల్‌డాగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్, పగ్ ఉన్నాయి. అదే పరిశోధకులు మరో సంగతీ బయటపెట్టారు. కారులో చిక్కుకుని వడదెబ్బ తిన్నవాటికంటే ఎండలో నడిచి, పరుగెత్తి, ఆడి వడదెబ్బ తిన్నవే చాలా ఎక్కువ. అదంతా మన ఊళ్లతో పోలిస్తే చల్లటి దేశం. మరి మే నెల బళ్లారి మాటేమిటి?

ఏవి వెళ్లొచ్చు.. ఏవి ఆగాలి?

మే నెలలో ఈ ఊళ్లకు తీసుకెళ్లకపోవడమే మంచిదనదగ్గ కుక్కలు కొన్నున్నాయి. చప్పిడి ముక్కు జాతులు మొదటి వరుసలో ఉంటాయి. లావెక్కినవి, వయసు మళ్లినవి, గుండె జబ్బు లేదా ఊపిరి ఇబ్బంది ఉన్నవి, ఆరు నెలల్లోపు పిల్లలు, ఈ మధ్యే జబ్బు చేసి లేచినవి, ఒకసారి వడదెబ్బ తిన్నవి.. ఇవన్నీ ఇంటి దగ్గరే ఆగడం మేలు.

పమేరియన్లకు ముక్కు కొంచెం పొడవే గానీ ఒంటి నిండా రెండు పొరల జుట్టు. ‘గుండు కొట్టిస్తే చల్లగా ఉంటుంది’ అని చాలామంది సెలూన్‌కు తీసుకెళ్తారు. అలా మొదలంటా తీయించొద్దు. ఆ జుట్టు ఎండ నేరుగా చర్మానికి తగలకుండా కాపాడుతుంది. పూర్తిగా గొరిగితే చర్మం కమిలిపోతుంది. మళ్లీ జుట్టు సరిగా రాకపోవచ్చు కూడా. దువ్వెనతో రోజూ రాలిన జుట్టు తీసేస్తే చాలు. పొట్ట కింద, పాదాల మధ్య కాస్త కత్తిరించొచ్చు.

ఆరోగ్యంగా ఉన్న వయసు కుక్క అయినా బయల్దేరడానికి కనీసం రెండు మూడు వారాల ముందు పశువైద్యుడికి చూపించాలి. రేబిస్ టీకా, పార్వో, డిస్టెంపర్ లాంటి జబ్బుల టీకాలు గడువులో ఉన్నాయో లేదో చూసుకోవాలి. టీకా వేయించిన మర్నాడే బయల్దేరితే ఉపయోగం లేదు, అది పనిచేయడానికి వ్యవధి కావాలి. గోమార్లు (కొన్నిచోట్ల పిడుదులంటారు) పట్టకుండా మందు కూడా అప్పుడే అడగాలి. పల్లెల్లో గేదెలకు, మేకలకు వాడే గోమార్ల మందును ‘కాస్త పూసెయ్’ అని ఇస్తుంటారు. మూడు వందల కిలోల గేదెకు సరిపడే మందు ఐదు కిలోల కుక్కకు విషమవుతుంది. దాని జోలికి వెళ్లొద్దు.

మెడ పట్టీకి ఫోన్ నంబరున్న బిళ్ల కట్టాలి. బెంగళూరు ల్యాండ్‌లైన్ నంబరు రాసి బళ్లారిలో తిరిగితే లాభం లేదు. చేతిలో ఉండే మొబైల్ నంబరు, వీలైతే ఊళ్లో చుట్టాల నంబరు కూడా ఉండాలి. వెళ్లే ఊళ్లో కుక్కలను చూసే వైద్యుడెవరో ముందే కనుక్కోవాలి. చాలా పల్లెల్లో పశువైద్యశాల ఉంటుంది గానీ అక్కడ పాడి పశువులకే మందులెక్కువ. కుక్కకు సెలైన్ ఎక్కించే వసతి ఏ పట్టణంలో ఉందో, ఆదివారం తెరుస్తారో లేదో తెలుసుకుని ఉంచుకోవాలి.

దారిలోనే సగం గండం

కారులో వెళ్లేవాళ్లు తెల్లవారుజామున నాలుగు, ఐదింటికల్లా బయల్దేరడం మంచిది. అనంతపురం మీదుగా వెళ్లినా, హిరియూరు, చళ్లకెర మీదుగా వెళ్లినా ఎండ ముదిరేలోపు బళ్లారి చేరుకోవచ్చు. ఇంట్లో టిఫిన్లు తిని, దేవుడికి దండం పెట్టుకుని పదింటికి తీరిగ్గా బయల్దేరితే సరిగ్గా మిట్టమధ్యాహ్నం దారిలో ఉంటాం.

అసలు ప్రమాదం హోటల్ దగ్గర కారు ఆపినప్పుడు. ‘పది నిమిషాలే కదా బావా, అద్దం కొంచెం దించి పెడితే సరి’ అనుకుంటూ అందరూ ఇడ్లీ తినడానికి దిగిపోతారు. లెక్క చూడండి. బయట 35 డిగ్రీలుంటే మూసిన కారులో పది నిమిషాల్లో 45 దాటుతుంది. ఇరవై నిమిషాలకు 51. అరగంటకు 54 డిగ్రీలు. అద్దం రెండంగుళాలు దించినా పెద్ద తేడా ఉండదు. చెట్టు నీడ జరిగిపోతుంది. ఇంజన్ ఆన్‌లో పెట్టి ఏసీ వేసినా అది ఎప్పుడు ఆగుతుందో చెప్పలేం. పైగా బిల్లు కట్టడానికి నిలబడితే పది నిమిషాలు పాతిక నిమిషాలవుతాయి. దీనికి ఒకటే పద్ధతి. ఇద్దరు తింటుంటే ఒకరు కుక్కతో బయట నీడలో ఉండాలి. లేదా టిఫిన్ పొట్లం కట్టించుకోవాలి.

కారులో కుక్కను ఒళ్లో కూర్చోబెట్టుకోవడం కంటే గాలి ఆడే బుట్టలోనో, ఛాతీ బెల్టు కట్టి వెనక సీటులోనో ఉంచడం మేలు. ఎండ పడే కిటికీకి గుడ్డ కట్టాలి. రెండు గంటలకోసారి ఆపి నీళ్లు పట్టాలి. ఐదు కిలోల కుక్క మామూలు రోజుల్లోనే పావు లీటరుకు పైగా నీళ్లు తాగుతుంది. ఎండల్లో ఇంకా ఎక్కువ కావాలి. బయల్దేరే ముందు కడుపు నిండా పెడితే దారిలో వాంతులవుతాయి. మూడు నాలుగు గంటల ముందు కొంచెం పెట్టి ఊరుకోవాలి.

రైలు సంగతి వేరు. ఏసీ టూ టైర్, త్రీ టైర్, చైర్ కార్, స్లీపర్, సెకండ్ క్లాస్ పెట్టెల్లో కుక్కను వెంట కూర్చోబెట్టుకోవడానికి రైల్వే ఒప్పుకోదు. ఏసీ ఫస్ట్ క్లాస్‌లో కూపే మొత్తం తీసుకుంటే వెంట ఉంచుకోవచ్చు. లేదంటే గార్డు ఉండే బ్రేక్ వ్యానులోని డాగ్ బాక్స్‌లో బుక్ చేయాలి. ఆ బాక్స్‌కు ఏసీ ఉండదు. మే నెల పగటిపూట అందులో చిన్న కుక్కను పంపడమంటే చేజేతులా వడదెబ్బ తగిలించినట్టే. తప్పనిసరైతే రాత్రి బండి చూసుకోవాలి. కొన్నాళ్ల ముందే పార్సిల్ ఆఫీసుకు వెళ్లి నిబంధనలు అడగాలి. టీకాల పుస్తకం, పశువైద్యుడిచ్చిన ఆరోగ్య ధ్రువపత్రం దగ్గరుంచుకోవాలి. విమానాల్లో సామాను అరలో చప్పిడి ముక్కు కుక్కలను ఎక్కించుకోని సంస్థలు చాలా ఉన్నాయి. కారణం మళ్లీ ఆ ఊపిరి ఇబ్బందే.

బళ్లారి, షోలాపూర్‌లలో..

పొడి ఎండల ఊళ్లలో మొదటి శత్రువు నేల. గాలి 31 డిగ్రీలున్నప్పుడే ఎండలోని తారురోడ్డు 60 డిగ్రీల దాకా వేడెక్కగలదు. మనకు చెప్పులున్నాయి, దానికి లేవు. పైగా చిన్న కుక్క పొట్ట నేలకు జానెడు ఎత్తులో ఉంటుంది. కింది నుంచి వచ్చే సెగ నేరుగా పొట్టకే తగులుతుంది. అందుకే ఓ చిన్న పరీక్ష. అరచేతి వెనక భాగాన్ని నేలకు ఆనించి ఐదారు సెకన్లు ఉంచండి. మీరు ఉంచలేకపోతే కుక్కను నడిపించొద్దు. తారుకే కాదు.. వాకిట్లో పరిచిన కడప బండలకూ, డాబాకూ ఇదే పరీక్ష. రాత్రి ఎనిమిదైనా బండలు వేడి వదలవు.

షికారు తెల్లవారి ఆరులోపు. సాయంత్రం ఎండ పోయి, నేల చల్లబడ్డాకే మళ్లీ. పిల్లలు మధ్యాహ్నం వేపచెట్టు కింద బంతి విసురుతుంటే కుక్క అలసట చెప్పకుండా తెస్తూనే ఉంటుంది. యజమాని సంతోషం కోసం ప్రాణం మీదికి తెచ్చుకునే జంతువది. వగర్పు ఎక్కువైతే ఆట ఆపాల్సింది మనమే.

ఇంట్లో చల్లటి చోటు ఎక్కడో పెద్దవాళ్లను అడగాలి. పాత మిద్దె ఇళ్లలో కింది భాగంలోని లోపలి గది చల్లగా ఉంటుంది. మేడ మీది గది, రేకుల షెడ్డు, మెట్ల కింద సందు పగలు పనికిరావు. ‘కుక్కను ఇంట్లోకి రానీయం’ అనే నాయనమ్మలు ఇప్పటికీ ఉన్నారు. ఆమె పద్ధతి ఆమెది. బయల్దేరే ముందే ఫోన్ చేసి, ‘నాయనమ్మా.. పగలు దాన్ని వసారాలో ఫ్యాను కిందైనా ఉంచనిస్తావా’ అని అడిగి తేల్చుకోవాలి. వెళ్లాక గొడవ పడితే చివరికి కుక్క రేకుల షెడ్డులో తేలుతుంది.

మట్టి మూకుడులో నీళ్లు చల్లగా ఉంటాయి. రెండు మూడు చోట్ల పెట్టాలి, పూటకోసారి మార్చాలి. కూలరు గాలి తగిలేలా పడుకోబెట్టొచ్చు, కిటికీ మాత్రం తెరిచి ఉంచాలి. గది మూసేస్తే తేమ నిండి బళ్లారి గది కాస్తా యానాం అవుతుంది. రాత్రి డాబా మీద పడుకునే అలవాటున్న ఇళ్లలో పిట్టగోడ సంగతి చూసుకోవాలి. పిల్లి కనబడితే దూకేసే కుక్కలున్నాయి. దొడ్లో రాళ్ల గుట్టలు, కట్టెల మోపుల దగ్గర తేళ్లు, పాములుంటాయి. ముక్కు దూర్చనివ్వొద్దు. వీధి కుక్కల గుంపు ముందు గొలుసు వదలొద్దు. కరిస్తే గాయాన్ని పావుగంట పాటు ధారగా పడే నీళ్లతో, సబ్బుతో కడిగి, టీకా ఉన్నా సరే వైద్యుడికి చూపించాలి.

యానాం, గోపాల్‌పూర్‌లలో..

కోస్తా ఊళ్లలో పగలంతా తడి తువ్వాలు కప్పి ఉంచుతుంటారు. ఇది మేలు చేయదు. కప్పిన తువ్వాలు కాసేపటికి వేడెక్కి, ఒంటి వేడిని లోపలే ఆపేస్తుంది. దానికి బదులు పొట్ట, తొడల లోపలి భాగం, పాదాలు తడిపి ఫ్యాను గాలి నేరుగా తగిలేలా చూడాలి. ఏసీ ఉన్న గది ఉంటే మధ్యాహ్నం అందులోనే ఉంచాలి. కరెంటు పోయే వేళలు తెలుసుకోవాలి. ఉక్కపోత రాత్రికీ తగ్గదు కాబట్టి ‘చీకటి పడింది, ఇక ఫర్వాలేదు’ అనుకోకూడదు. సాయంత్రం షికారు పది నిమిషాలతో సరిపెట్టాలి.

బరంపురం వెళ్లిన వాళ్లు గోపాల్‌పూర్ సముద్రం చూడకుండా రారు. ఎండలో ఇసుక తారురోడ్డులాగే కాలుతుంది. దాహంతో ఉన్న కుక్క సముద్రపు నీళ్లు తాగేస్తుంది. కొంచెం తాగితే వాంతులు, విరేచనాలు. ఎక్కువ తాగితే ఒంట్లో ఉప్పు పెరిగి ప్రాణానికే ముప్పు. అందుకని తీరానికి వెళ్లేటప్పుడు మంచినీళ్ల సీసా తప్పనిసరి. చేపల వాడల దగ్గర వలల్లోంచి పారేసిన చేపలు, గాలపు ముళ్లు పడి ఉంటాయి. బంతిలా ఉబ్బే చేపలు కొన్ని విషపూరితం. వాసన చూడడానికి కూడా వదలొద్దు. ఇంటికొచ్చాక మంచినీళ్లతో కడిగి, చెవులు, వేళ్ల సందులు ఆరేలా తుడవాలి.

చుట్టాల ప్రేమతోనూ చిక్కే

ఊరెళ్తే మనకు జరిగినట్టే కుక్కకూ మర్యాదలు జరుగుతాయి. ‘పాపం, చూడవే ఎలా చూస్తోందో.. ఓ ముక్క పెట్టు’ అని అమ్మమ్మ అంటే కాదనేదెవరు? వేసవిలో ముందు చెప్పుకోవాల్సింది మామిడి టెంక గురించి. చిన్న కుక్క టెంకను మింగితే అది పేగులో అడ్డం పడుతుంది. ఆపరేషన్ చేయాల్సి వస్తుంది. కిస్‌మిస్, ద్రాక్ష కుక్కల మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. పాయసంలో, కేసరిలో కిస్‌మిస్ ఉంటుందని మరవొద్దు. ఉల్లి, వెల్లుల్లి రక్తంలోని ఎర్రకణాలను పాడుచేస్తాయి. పులుసు కలిపిన అన్నం అందుకే వద్దు. చాక్లెట్లు వద్దు. చక్కెర లేని చూయింగ్ గమ్ములలో ఉండే జైలిటాల్ కొంచెమైనా ప్రమాదమే. ఆదివారం కోడికూరలో ఉడికిన ఎముకలు విరిగి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి.

ఇంట్లో తినే తిండే వెంట తీసుకెళ్లడం తేలిక. పొద్దున చల్లటి వేళ, రాత్రి మళ్లీ.. కొంచెం కొంచెంగా పెట్టాలి. వచ్చిన రోజే చుట్టాలందరికీ ‘మేం పెట్టింది తప్ప ఏమీ పెట్టొద్దు’ అని నవ్వుతూనే గట్టిగా చెప్పేయాలి.

వడదెబ్బ తగిలితే..

కుక్క ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ డిగ్రీలుంటుంది. 104 దాటితే ప్రమాదం మొదలైనట్టు. 106 దగ్గరకు వెళ్తే లోపలి అవయవాలు దెబ్బతింటాయి. నీడలోకి తెచ్చినా ఆగని వగర్పు, తీగలు సాగే చొంగ, ఎర్రగా కందిన చిగుళ్లు, తూలుతూ నడవడం, పిలిస్తే పలకకపోవడం, వాంతులు, రక్త విరేచనాలు, ఫిట్స్.. ఇవీ లక్షణాలు. చప్పిడి ముక్కు కుక్కల్లో గురక శబ్దం ఒక్కసారిగా పెరుగుతుంది. నాలుక, చిగుళ్లు నీలం తిరిగితే క్షణం కూడా ఆలస్యం చేయకూడదు.

ముందు చల్లబరచాలి, తర్వాతే ఆసుపత్రికి. ఇప్పుడు పశువైద్య నిపుణులు చెబుతున్న మాట ఇదే. ఆటో కోసం వెతుకుతూ పావుగంట పోగొట్టడం కంటే ఆ పావుగంట నీళ్లు పోయడం ప్రాణం నిలబెడుతుంది. నీడలోకి తెచ్చి మెడ, పొట్ట, తొడలు, పాదాలు తడిసేలా నీళ్లు పోస్తూనే ఉండాలి. ఫ్యాను పెట్టాలి, లేదా అట్టతో విసరాలి. మిద్దె మీది ట్యాంకు నీళ్లు మధ్యాహ్నం సలసల కాగుతుంటాయి. కుళాయి తిప్పి అవే పోస్తే ఉన్న వేడికి ఇంకా వేడి తోడవుతుంది. చేయి పెట్టి చూసుకుని తొట్టి నీళ్లో, బోరు నీళ్లో, కుండ నీళ్లో పోయాలి. ముక్కు, నోట్లోకి నీరు పోకుండా తల ఎత్తి పట్టుకోవాలి.

స్పృహలో ఉంటే తాగినన్ని నీళ్లు పెట్టొచ్చు. స్పృహ లేకపోతే నోట్లో చుక్క కూడా పోయొద్దు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మనుషుల జ్వరం మాత్రలు అస్సలు వేయొద్దు. వడదెబ్బకు అవి పనిచేయవు, పైగా విషమవుతాయి. థర్మామీటరు ఉంటే మలద్వారంలో పెట్టి చూసి, 103.5 డిగ్రీలకు దిగాక నీళ్లు ఆపాలి. ఆ తర్వాత ఏసీ వేసిన కారులోనో, గాలి తగిలే ఆటోలోనో ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

లేచి తోక ఊపింది కదా అని ఆసుపత్రి మానేయొద్దు. మూత్రపిండాలకు, కాలేయానికి, రక్తం గడ్డకట్టే తీరుకు జరిగిన నష్టం గంటల తర్వాత, ఒక్కోసారి రెండు మూడు రోజులకు బయటపడుతుంది. సంచార పశువైద్య వాహనాల కోసం 1962 నంబరు ఉంది. అది ప్రధానంగా పాడి పశువుల కోసం నడిచే సేవ కాబట్టి, దాని మీదే ఆధారపడకుండా దగ్గరి పట్టణంలోని కుక్కల వైద్యుడి నంబరు ముందే ఫోన్‌లో ఎక్కించుకోవాలి.

సంచిలో ఇవి ఉన్నాయా?

● టీకాల పుస్తకం, మామూలుగా వాడే మందులు
● నీళ్ల సీసా, వెడల్పాటి గిన్నె
● తిండి, ఉన్నన్ని రోజులకు సరిపడా
● ఫోన్ నంబరు బిళ్లతో మెడ పట్టీ, ఛాతీ బెల్టు, గొలుసు
● దానికే వేరుగా ఒక థర్మామీటరు
● రెండు పాత తువ్వాళ్లు, నీళ్లు చిమ్మే సీసా
● గోమార్లు తీసే చిన్న పట్టకారు, దువ్వెన
● వెళ్లే ఊరి పశువైద్యుడి నంబరు, పోతే వెతకడానికి కుక్క ఫొటో

సంక్రాంతికి వెళ్తే?

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దల మాట. తమిళనాట మే మొదటి వారం నుంచే ‘కత్తిరి’ ఎండలని ఇంట్లోంచి బయటికి రారు. అక్కడే పుట్టి పెరిగిన వాళ్లే జాగ్రత్త పడే రోజులవి. పదో తరగతి పిల్లల సెలవులు, పెళ్లి ముహూర్తాలు మన చేతుల్లో లేవు. మనుషులు వెళ్లక తప్పదు. కుక్క మాత్రం వెళ్లి తీరాలని ఎక్కడా లేదు.

దానికి తెలిసిన మనిషి ఇంటి దగ్గర ఉండడానికి ఒప్పుకుంటే అంతకన్నా భద్రత లేదు. పైఅంతస్తు కుటుంబమో, ఊరెళ్లని బంధువో దొరకొచ్చు. కుక్కలను ఉంచుకునే చోటుకు పంపేట్టయితే ముందుగా వెళ్లి చూడాలి. పగలు ఎక్కడ ఉంచుతారు, ఫ్యాను ఉందా, టీకాలు అడుగుతున్నారా, జబ్బు చేస్తే ఏ వైద్యుడికి చూపిస్తారు.. ఈ నాలుగూ అడగాలి. టీకాలు అడగని చోట వదలొద్దు. ఒకసారి ఒక్క రాత్రి వదిలి చూస్తే దాని తీరు తెలుస్తుంది.

పిల్లలు ఏడుస్తారు, నిజమే. వాళ్లకు చెప్పడానికి మంచి మాట ఒకటుంది. సంక్రాంతి సెలవులున్నాయి. జనవరిలో బళ్లారి పగలు హాయిగా ఉంటుంది. యానాంలో గోదావరి గాలి చల్లగా వీస్తుంది. బండలు కాలవు. అమ్మమ్మ వాకిట్లో ముగ్గు వేస్తుంటే బుజ్జి కుక్క ముగ్గులో అడుగులు వేసి తిట్లు తింటుంది. ఈ మేలో దాన్ని ఇంటి దగ్గర ఉంచితే ఆ జనవరిలో వెంట తీసుకెళ్లొచ్చు.